ఒకే పొడి, రెండు ఒళ్లు

"ఇంట్లో అందరూ తినేది కాకుండా, నువ్వొక్కడివే తినేది ఏమైనా ఉందా?"

ఆస్పత్రి మంచం మీదున్న నా క్లయింటు గోడకేసి చూశాడు. "ఏమీ లేదక్కా."

అబద్ధం. ముప్పై రెండేళ్ల మనిషి, గోళ్లు విరిగిపోయి, జుట్టు కుచ్చులు కుచ్చులుగా దిండు మీద రాలుతుంటే, వెలిసిపోయిన సున్నాన్ని అంత శ్రద్ధగా చూడవలసిన పని లేదు. నాకు ఒళ్లు మండింది. నన్ను డిటెక్టివుగా పనిలో పెట్టుకున్నది ఇతనే. తన వదిన తనకి విషం పెట్టలేదని రుజువు చెయ్యమని కాళ్లావేళ్లా పడిందీ ఇతనే. ఇప్పుడు నా దగ్గరే దాస్తున్నాడు.

నన్ను అందరూ చీమ అంటారు. పంచదార ఎంత ఎత్తున పెట్టినా చేరుకుంటానని ఒక పాత క్లయింటు పెట్టిన పేరు. కుడతానని కూడా కొందరంటారు, అదీ నిజమే.

"చూడు తమ్ముడూ, డాక్టరు దగ్గరా లాయరు దగ్గరా నా దగ్గరా దాచకూడదు. మీ వదినకి ఎక్కువ టైము లేదు."

"మా అమ్మ పోయేటప్పటికి నాకు తొమ్మిదేళ్లక్కా. అప్పట్నుంచీ ఆవిడే పెంచింది. ఆవిడ నాకు విషం పెట్టడమేమిటి?" అతను నోరు తెరిచినప్పుడల్లా వెల్లుల్లి వాసన గుప్పున కొడుతోంది. నాలుగు రోజులుగా సెలైనూ రెండు బ్రెడ్డు ముక్కలూ తప్ప ఏమీ ఎరగని నోటి నుంచి ఆ వాసన.

"వాసన చూస్తున్నారా చీమగారూ? చూడండి చూడండి. చీమలకి అదేగా పని."

తలుపు దగ్గర ఇన్‌స్పెక్టరు. గడియారం పదీ యాభై చూపిస్తోంది. ఈయనకీ నాకూ ఆరేళ్లుగా ఉప్పూ నిప్పూ. రెండు కేసుల్లో ఆయన పట్టుకున్నవాళ్లను నేను విడిపించాను. ఒక కేసులో నేను విడిపించినవాణ్ణి ఆయన మళ్లీ పట్టుకున్నాడు, అందులో ఆయనదే కరెక్టు. ఆ ఒక్కటీ ఆయన మర్చిపోడు, నన్నూ మర్చిపోనివ్వడు.

"రక్తంలో సెలీనియం" అని వేలు మడిచాడు. "ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు. వీళ్ల దాణా మిల్లులో కోళ్ల మేతలో కలిపేది ఆ ఖనిజపు ఉప్పే. అది ఉండే బీరువాకి తాళంచెవులు రెండు. ఒకటి అన్నగారి దగ్గర, ఒకటి వదినగారి దగ్గర. ఇంట్లో ఉండేది ముగ్గురు. ఒకటే వంట, ఒకటే గిన్నె. ఒక్కడికే జబ్బు. అంటే విషం గిన్నెలో పడలేదు, కంచంలో పడింది. కంచంలో వడ్డించేదెవరు?"

"సెలీనియం విషమొక్కటే కాదండీ. అది తిండిలో రవ్వంత కూడా లేకపోతే మనిషి గుండె దెబ్బతింటుంది."

"నీళ్లూ మంచివే మేడమ్. మునిగితే చస్తారు."

"ముగ్గురూ ఒకటే తిన్నా, ముగ్గురికీ ఒకేలా జబ్బు రావాలని ఎక్కడుంది?"

"విషం మొహం చూసి పనిచేస్తుందా? కొత్తగా వింటున్నాను." ఆయన నవ్వి చేతి వాచీ చూసుకున్నాడు. "నాలుగింటికి ఆవిణ్ణి అరెస్టు చేస్తున్నాను. ఈలోగా ఏం తవ్వుకుంటారో తవ్వుకోండి."

మూడు రోజుల కిందటే ఆ ఇంట్లో ముగ్గురి చేతిగోళ్ల ముక్కలూ, బుగ్గ లోపల దూదితో తుడిచిన నమూనాలూ, మూత్రం సీసాలూ ల్యాబ్‌కి పంపాను. ఫలితాలు ఇవాళ రావాలి. ఆ సంగతి ఇన్‌స్పెక్టరుకి చెప్పలేదు. చెబితే నవ్వుతాడు, నవ్వితే నేను తిడతాను, పని అక్కడే ఆగిపోతుంది.

పన్నెండుకి పది నిమిషాల ముందు మిల్లు యజమాని, అంటే అన్నగారి, ఇంటి ముందుగదిలో కూర్చున్నాను. నిజానికి మిల్లు అతనిది కాదు, వదినకి ఆవిడ తండ్రి ఇచ్చింది. మేతలో ఏది ఎంత కలపాలో లెక్క కట్టేది మాత్రం ఇరవై ఏళ్లుగా భర్తే. ఎనిమిది నెలల కిందట ఆవిడ పనివాళ్లందరి ముందూ చెప్పిందట, కలిపే గది ఇకమీదట మరిది చూసుకుంటాడని. భర్త తలూపి ఊరుకున్నాడట.

సన్నగా, ఇస్త్రీ చొక్కాలో, జేబులో పెన్సిలుతో ఎదురుగా కూర్చున్నాడు. ఎక్కడా తడబాటు లేదు.

"మీకు సెలీనియం సంగతులు బాగా తెలిసే ఉంటాయి" అన్నాను.

"తెలియకపోతే మిల్లు నడవదమ్మా. తక్కువైతే కోడి కాళ్లు చాపేస్తుంది, ఎక్కువైతే ఈకలు రాలి చస్తుంది. కిలో బరువుకి ఇంత అని కట్టుకోవడమే. పదివేల కోళ్లున్నా లెక్క ఒకటే."

"పదివేలకీనా?"

"ఒకే జాతి, ఒకే రోజు పొదిగిన పిల్లలు. ఒకదానికి పట్టింది అన్నిటికీ పడుతుంది."

"మనుషులకో?"

"మనుషులకైనా బరువేగా చూసేది. మా తమ్ముడు అరవై నాలుగు, మా ఆవిడ యాభై ఎనిమిదిన్నర..." అంటూ ఆగాడు. "మిల్లులో కాటా ఉంది కదా. సరదాకి చూసుకుంటుంటాం."

పెళ్లిరోజు గుర్తుండని మొగుళ్లను వందమందిని చూశాను. పెళ్లాం బరువు అరకిలోతో సహా చెప్పినవాణ్ణి ఇతన్నే చూశాను. నవ్వొచ్చింది గానీ, ఆ అరకిలో దగ్గర నా బుర్ర ఆగిపోయింది.

వదిన లోపలి గదిలో ఉంది, పక్కన లేడీ కానిస్టేబులు. నలభై ఆరేళ్ల మనిషి, బస్తా తానే ఎత్తి బండిలో వేసే రకం. కళ్లు మాత్రం లోతుకు పోయాయి.

"నాలుగు రోజులైంది, కాఫీ చుక్క తప్ప ఏమీ ముట్టలేదండీ" అంది కానిస్టేబులు జాలిగా.

"పిల్లాడు అక్కడ అలా పడుంటే నాకు ముద్ద ఎలా దిగుతుందమ్మా?" అంది వదిన.

ఆవిడ చేతులు నా చేతుల్లోకి తీసుకుని వెలుతురులో తిప్పి చూశాను. గోళ్లు నున్నగా ఉన్నాయి, ఒక్క తెల్లగీత కూడా లేదు. జడ నా మణికట్టంత లావుంది. ఇన్‌స్పెక్టరు కోర్టులో చూపించబోయేది ఈ గోళ్లనే. విషం పెట్టినవాళ్లు నిక్షేపంగా ఉంటారు, తిన్నవాళ్లు మంచాన పడతారు అంటాడు.

ఇంట్లో ఎవరేం తింటారని అడిగేలోపే బయట జీపు ఆగింది. పన్నెండున్నర.

"నాలుగింటికన్నారు" అన్నాను గుమ్మానికి అడ్డం నిలబడి.

"పైనుంచి ఫోనొచ్చింది. అడ్డు లేవండి మేడమ్."

"మీ మాటకి విలువ రెండు గంటలు కూడా లేదని తెలిస్తే పొద్దున్నే రాసి సంతకం పెట్టించుకునేదాన్ని."

"సంతకం పెట్టినా ఇదే చేసేవాణ్ణి. ఒకసారి మీ మాట నమ్మి ఒక హంతకుణ్ణి ఎనిమిది రోజులు రోడ్ల మీద తిరగనిచ్చాను. ఇంకోసారి ఆ పాపం నాకొద్దు."

అది నాకు గట్టిగానే తగిలింది. పక్కకు తప్పుకున్నాను. వదిన జీపెక్కుతూ నా వైపు తిరిగింది. "నా సంగతి తర్వాత చూద్దురుగాని. వాడికి జుట్టు మళ్లీ వస్తుందో రాదో డాక్టరుగారిని అడగండమ్మా."

ఈ మాట అన్న మనిషి విషం పెట్టదు. ఇది సాక్ష్యం కాదని నాకు తెలుసు, అయినా రోడ్డు మీదకి వచ్చేసరికి నేను పరుగెడుతున్నాను.

ల్యాబ్‌లో నా పాత స్నేహితురాలు, అక్కడ అందరికీ మేడమ్, కాగితాలు పరిచి కూర్చుంది. మేమిద్దరం ఒకప్పుడు ఒకే బల్ల మీద గాజు గొట్టాలు కడిగినవాళ్లం. ఆవిడ చదువుకుని డాక్టరేటు తెచ్చుకుంది, నేను వాసన పట్టుకుని తిరుగుతున్నాను.

"చీమా, కూర్చో. కూర్చోకపోతే పడతావ్" అంది. "అన్నగారి గోళ్లలో సెలీనియం మామూలే. మరిది గోళ్లలో మామూలుకి పదిరెట్లు."

"అది తెలిసిందేగా. వదిన?"

"పంతొమ్మిది రెట్లు."

నిజంగానే కూర్చున్నాను.

"మిషను తప్పు చూపించి ఉండదూ?"

"మూడుసార్లు చేశాను. గోరు కొసకి రావడానికి అయిదారు నెలలు పడుతుంది. నువ్వు తెచ్చినవి కొసలు. అంటే ఆరు నెలల కిందటే ఆవిడ ఒంట్లోకి ఇది మరిదికంటే రెట్టింపు పోతోంది. నువ్వు తెచ్చిన సీసాలో చూస్తే ఆవిడ మూత్రంలోనూ పోతూనే ఉంది."

"మరి ఆవిడ బస్తాలెత్తుతోంది, అతను సెలైనెక్కించుకుంటున్నాడు. ఎలా?"

మేడమ్ బుగ్గ నమూనాల కాగితం ముందుకి జరిపింది. "తిండిలో వచ్చిన సెలీనియంతో ఒళ్లు కొన్ని ప్రొటీన్లు తయారు చేసుకుంటుంది. మిగిలినదాన్ని రూపం మార్చి మూత్రంలోకో ఊపిరిలోకో తోసేస్తుంది. ఎంత వాడుకోవాలి, ఎంత తొందరగా తోసెయ్యాలి అన్నది ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. జన్యువుల్లో చిన్న చిన్న తేడాలు. ఒకటి కాదు, కొన్ని కలిసి. వదినది చకచకా బయటికి తోసే ఒళ్లు. మరిదికి ఆ పని మహా మందం, ఊపిరిలోంచి కాస్త కాస్త పోతోంది, ఆ వెల్లుల్లి వాసన అదే. ఆవిడకి పట్టిన మోతాదులో సగం ఇతన్ని మంచానికెక్కించింది."

"అన్నగారిది?"

"తమ్ముడి లాంటిదే. ఒక తల్లి పిల్లలేగా. కానీ ఆయన ఒంట్లోకి అది పోనేలేదు."

ముగ్గురిలో ఒక్కరే తిన్నారని ఇన్‌స్పెక్టరు అంటున్నాడు. తిన్నది ఇద్దరు. తిననివాడు ఒక్కడు. గురి మరిది మీద కానే కాదు. ఎక్కువ ఎవరికి పోయిందో వాళ్ల మీద.

మేడమ్ ఫోనే లాక్కుని ఆస్పత్రికి చేశాను. "తమ్ముడూ, మీ వదిన ఒక్కతే తినేది ఏమిటి? అందులోంచి నువ్వు దొంగతనంగా తిన్నది ఏమిటి? గోడకేసి చూడకుండా చెప్పు."

ఏడుపు గొంతుతో చెప్పాడు. "బలం పొడి అక్కా. పాలల్లో కలుపుకుంటుంది. రోజూ పొద్దున రెండు చెంచాలు. నాకు చిన్నప్పట్నుంచీ పొడి వట్టిదే చప్పరించడం అలవాటు. ఆవిడ కొట్టు తాళం తీసేలోపు ఒక చెంచా నోట్లో వేసుకునేవాణ్ణి. ముప్పై రెండేళ్ల గాడిదని, ఇన్‌స్పెక్టరు ముందు ఎలా చెప్పను?"

"ఎవరు తెస్తారు ఆ పొడి?"

"అన్నయ్యే. మిల్లులో స్వయంగా ఆడించి డబ్బా నింపుతాడు. ఏడెనిమిది నెలలైంది మొదలుపెట్టి. వదినకి ఎముకల బలం తగ్గిందని." గొంతు ఇంకాస్త తగ్గించాడు. "నా గదిలో అద్దం వెనకాల కాగితం పొట్లంలో ఇంకా కొంచెం ఉంది. మిల్లులో తినడానికి దాచుకున్నా."

చిన్నప్పుడు మా అమ్మ నన్ను దొంగతిండికి కొట్టింది. ఈ మనిషి దొంగతిండే వాళ్ల వదిన ప్రాణాల మీదికి వచ్చిన కథంతా బయటపెట్టింది.

లేచేసరికి మేడమ్ నా చేతిలో విటమిన్ సి బిళ్లల సీసా పెట్టింది. "నీళ్లలో ఇది నూరి, పొడి కలుపు. సెలీనియం ఉప్పు ఉంటే ఇటుకరంగు తిరుగుతుంది. ఎంత ఎక్కువుంటే అంత చిక్కగా. ఇంకో మాట చీమా. ఆవిడ ఒళ్లు గట్టిదే, కానీ గట్టితనానికీ ఒక హద్దుంది. అది దాటితే ఆవిడా పోతుంది. దీనికి విరుగుడు లేదు."

ఆ మాటతో నాకు మొత్తం కళ్లకి కట్టింది. ఆ భర్త యాభై ఎనిమిదిన్నర కిలోలకి లెక్క కట్టాడు. కోడికి కట్టినట్టే కట్టాడు. ఏడు నెలలు ఎదురుచూశాడు. పెళ్లాం వెంట్రుక ఒక్కటీ రాల్లేదు, ఏ పాపం ఎరగని తమ్ముడి జుట్టు రాలింది. లెక్క ఎక్కడ తప్పిందో వాడికి అంతు చిక్కలేదు. అంతు చిక్కని లెక్కగాడు ఏం చేస్తాడు? మోతాదు పెంచుతాడు.

మూడూ అయిదుకి ఆ ఇంటి వెనక తలుపు తోశాను. ఇంట్లో ఎవరూ లేరు. ముందు మరిది గదిలో అద్దం వెనక పొట్లం తీశాను. తర్వాత వంటగది. మూడో అరలో ఎర్రమూత డబ్బా, దాదాపు నిండుగా ఉంది, పొడి పైన చదును చేసి నొక్కినట్టుంది. మూత అంచున కాగితం అంటించి పెన్సిలుతో తేదీ రాశాడు. మిల్లు అలవాటు, బస్తా మీద తేదీ లేకుండా వాళ్లు ఏదీ కదపరు. నేను గోళ్లు అడిగి తీసుకున్న రోజు తేదీ అది. ఆ సాయంత్రమే పాత పొడి పారబోసి కొత్తది నింపాడన్నమాట. వదిన నాలుగు రోజులుగా పాలు ముట్టకపోబట్టి బతికింది.

రెండు గాజుగ్లాసుల్లో నీళ్లు పోసి బిళ్లలు నూరి వేశాను. ఎడమ గ్లాసులో పొట్లంలోని పాత పొడి, కుడి గ్లాసులో డబ్బాలోని కొత్త పొడి. గడియారం చూస్తూ గట్టు పట్టుకుని నిలబడ్డాను.

మూడు నిమిషాలకి ఎడమది లేత గులాబీకి తిరిగింది. కుడిది ఒక నిమిషానికే నారింజ, రెండో నిమిషానికి ఇటుక, నాలుగో నిమిషానికి అడుగున ఎర్రటి మడ్డి పేరుకుంది. ఆ రంగు చూసి నేను గట్టిగానే అరిచాను. దొరికాడు. వదిన విడుదలైపోయినట్టే. ఇన్‌స్పెక్టరు మొహం తలుచుకుంటే నాకు గంతులెయ్యాలనిపించింది.

గ్లాసులు పక్కన పెట్టబోతూ చెయ్యి పాలగిన్నెకి తగిలింది.

వెచ్చగా ఉంది.

పన్నెండున్నరకి వదినని తీసుకెళ్లారు. ఈ గిన్నెలో పాలు కాగి అరగంటకంటే ఎక్కువ కాలేదు, మీగడ ఇంకా పల్చగానే ఉంది. సింకులో చెంచా తడిగా పడుంది, దాని గుంటలో పొడి ముద్ద అంటుకుని ఉంది. గోడకున్న మేకులకి రెండు ఫ్లాస్కులు వేలాడాలి, గోడ మీద రెండు గుండ్రటి మరకలున్నాయి. ఫ్లాస్కు ఒకటే ఉంది.

స్టేషన్లో ఉన్న పెళ్లానికి మొగుడు పాలు పట్టుకెళ్తే ఎవరడ్డుపెడతారు? అక్కడ ఆవిడ కుప్పకూలితే, చేసిన పనికి సిగ్గుపడి తానే ఏదో మింగిందంటారు. కేసు మూసేస్తారు. ఇన్‌స్పెక్టరే సంతకం పెడతాడు.

ఫోను మూడుసార్లు మోగింది. నాలుగోసారికి ఎత్తాడు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఆవిడ భర్త ఫ్లాస్కు తెచ్చాడా?"

"తెచ్చాడు. ఇక్కడే ఉన్నాడు. మీకెలా తెలుసు?"

"ఆవిడ తాగిందా?"

"లేదు. వద్దంది."

ఒక్క గుక్కలో చెప్పేశాను. పంతొమ్మిది రెట్లు, తోసేసే ఒళ్లు, తొయ్యలేని ఒళ్లు, దొంగచాటు చెంచా, ఇటుకరంగు గ్లాసు, మేకుకి లేని ఫ్లాస్కు. "ఆ ఫ్లాస్కు భద్రంగా పట్టుకోండి. అతన్ని కదలనివ్వకండి. వదినని వదిలెయ్యండి."

అటువైపు కుర్చీ జరిగిన చప్పుడు, తలుపు వెయ్యమని ఎవరితోనో అనడం, "మీరు కూర్చోండి సార్, ఎక్కడికీ వెళ్లొద్దు" అనడం వినిపించింది. తర్వాత ఫోను మళ్లీ చెవి దగ్గరికి వచ్చింది. ఈసారి గొంతు బాగా తగ్గించాడు.

"ఆవిడ తాగలేదు మేడమ్. గ్లాసులో పోసి నాకిచ్చింది. పొద్దుట్నుంచీ తిరుగుతున్నారు, మొహం పీక్కుపోయింది, ముందు ఇది తాగండి అంది. వద్దన్నా వినలేదు."

"ఎంత తాగారు?"

"రెండు గ్లాసులు. ఇరవై నిమిషాలైంది. నోట్లో ఇనపముక్క పెట్టుకున్నట్టుంది, నీళ్లు తాగినా పోవట్లేదు."

"ఫ్లాస్కు తీసుకుని ఇప్పుడే ఆస్పత్రికి వెళ్లండి. మరిది ఉన్న ఆస్పత్రికే. ఇప్పుడే."

"జీపు స్టార్టు చేశారు, వెళ్తున్నాను." నడుస్తున్న బూట్ల చప్పుడు, ఆయాసం. ఆరేళ్లలో మొదటిసారి ఆయన గొంతులో వెటకారం లేదు. "మేడమ్, మీ ల్యాబ్ ఆవిణ్ణి కాస్త తొందరగా అడగండి. నాది వదిన ఒళ్లా, మరిది ఒళ్లా?"